నొప్పికి ఎన్ని మార్కులు?

"మీ నొప్పి ఎంత వుంది? సున్నా నుంచి పది లోపల ఒక అంకె రాయండి."

నలభై దాటిన నా జీవితంలో ఈ ప్రశ్న నన్ను ఇంత సూటిగా అడిగినవాళ్ళు లేరు. మా అమ్మ అడగలేదు, మావారు అడగలేదు, కడుపున పుట్టిన పిల్లలు అడగలేదు. అడిగింది ఒక ఫోను. అదైనా మనిషి గొంతుతో కాదు. టింగుమని చిన్న చప్పుడు చేసి, వాట్సాప్‌లో రెండు లైన్లు చూపించి వూరుకుంది.

సంగతేమిటంటే, ఈమధ్య నాకు గాల్‌బ్లాడర్ తీసేశారు. రాళ్ళున్నాయన్నారు. పటాన్‌చెరులో ఒక ఆసుపత్రిలో పొట్టమీద నాలుగు చిన్న చిల్లులు పెట్టి, దాన్ని బయటికి లాగేసి, మూడోరోజే ఇంటికి పొమ్మన్నారు. వెనకటి రోజుల్లోలాగా పదిహేను రోజులు మంచంమీద పడుకోబెట్టడం, చూడ్డానికొచ్చినవాళ్ళు తెచ్చిన బత్తాయిలు తినడం, ఆ వైభోగాలేమీ లేవు. కారెక్కి ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డి చేరేసరికి, ఆ దారిలో ఎన్ని గతుకులున్నాయో రోడ్ల శాఖవారికన్నా నాకే ఎక్కువ తెలిసింది.

బయల్దేరేముందు నర్సమ్మాయి నా ఫోను తీసుకుని ఏదో నెంబరు ఎక్కించింది. "పొద్దుగాల ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి మెసేజ్ వస్తదమ్మా. జవాబు పెట్టుండ్రి. అంకె అయిదు దాటినా, అసలు జవాబే రాకపోయినా మేమే ఫోన్ చేస్తం" అంది. ఆ అడిగేది మనిషి కాదట. మిషనే. మన అంకె చూసి ఎవరిని తొందరగా పలకరించాలో అది వాళ్ళకి చెబుతుందట.

ఆ రాత్రి ఎనిమిదింటికి సరిగ్గా ప్రశ్న వచ్చింది. మంచం పక్కన మా అత్తమ్మ ఎల్లిగడ్డలు ఒలుస్తోంది. మావారు కుర్చీలో కూర్చుని నా మొహమే చూస్తున్నారు. పొట్టలో పోటు. అది చాలదన్నట్టు కుడి భుజంలో ఎవరో పచ్చడిబండతో దంచుతున్నట్టు నొప్పి. నిజం చెప్పాలంటే ఏడు. నేను రాసింది మూడు.

మూడే ఎందుకు రాశానో తర్వాత చాలాసేపు ఆలోచించాను. సున్నా అంటే మరీ పచ్చి అబద్ధం, మిషన్ కూడా నమ్మదు. ఆరంటే ఫోనొస్తుంది, ఇంట్లో కంగారు. మూడు మర్యాదైన అంకె. 'నొప్పి వుంది కానీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టేటంత లేదు' అని దాని అర్థం. మన ఆడవాళ్ళలో ఎంతోమంది జన్మంతా ఆ మూడు దగ్గరే నిలబడి కాపురాలు చేశారు, కాదూ?

"శభాష్, మందులు ఇలాగే కొనసాగించండి" అని మెసేజ్ వచ్చింది. పరీక్షలో కాపీకొట్టి పాసైనట్టు అనిపించింది.

అసలు కథ అర్ధరాత్రి మొదలైంది. జలుబు చేసినట్టుంది, ఒక తుమ్ము వచ్చింది. పొట్టమీద కుట్లతో తుమ్మినవాళ్ళకే ఆ బాధ తెలుస్తుంది. అందరూ నిద్రపోతున్నారు. లేపడానికి మనసొప్పలేదు. మూడని రాసినదాన్ని ఏ మొహం పెట్టుకుని లేపను? చప్పుడు కాకుండా అల్మారా సొరుగు తీశాను. ఆరునెలల కిందట పన్ను నొప్పికి రాసిచ్చిన మాత్రలు సగం పట్టీ మిగిలి వున్నాయి. రెండు వేసుకున్నాను. తెల్లవారుజామున ఇంకొకటి. జలుబుకని ఇంకో రకం మాత్ర ఒకటి. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన పారాసిటమాల్ ఎలాగూ వేళకి వేసుకుంటూనే వున్నాను.

పొద్దుటి మెసేజ్‌లో ఒక ప్రశ్న ఎక్కువ వుంది. "నిన్నటినుంచి ఏయే మాత్రలు, ఎన్ని వేసుకున్నారు?" విచిత్రం చూడండి, నొప్పి ఎంతంటే అబద్ధమాడిన నేను, మాత్రల లెక్క అడిగితే ఒక్కటీ వదలకుండా రాశాను. పట్టీమీది పేర్లు కూడా చూసి రాశాను. పాల లెక్క, చాకలి పద్దు, కిరాణా చిట్టా, వీటిలో తప్పు చెప్పడం మనకి రాదు. ఇంట్లో ప్రతి వస్తువుకీ లెక్క చెప్పడం నేర్పారు గానీ, ఒంట్లో బాధకి లెక్క చెప్పడం ఎవరూ నేర్పలేదు.

పది నిమిషాల్లో ఫోన్ మోగింది. అదే నర్సమ్మాయి. "అమ్మా, మీరు మూడు రకాల మాత్రలు వేసుకున్ననని అనుకుంటున్నరు. మూడిట్ల ఒకటే మందు ఉన్నది" అంది.

నేను బి.ఏ. చదివినదాన్ని. లెక్కలంటే చిన్నప్పటినుంచీ దూరం. అయినా ఆరోజు కాగితం పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. ఆసుపత్రి మాత్ర 650 మిల్లీగ్రాములు, రోజుకి నాలుగు. మొత్తం 2600. పన్ను నొప్పి మాత్రలో ఎసిక్లోఫెనాక్‌తో పాటు పారాసిటమాల్ 325, మూడు మాత్రలకి 975. జలుబు మాత్రలో 500. అంతా కలిపితే 4075. పెద్దవాళ్ళు ఒక రోజులో 4000 దాటకూడదట. బక్కగా వున్నవాళ్ళకి, కాలేయం బాగాలేనివాళ్ళకి, మద్యం అలవాటున్నవాళ్ళకి హద్దు ఇంకా తక్కువట. పైగా ఆ ఎసిక్లోఫెనాక్ రోజుకి రెండుకి మించకూడదు, నేను ఒక్క రాత్రిలోనే మూడు మింగాను. అది ఎక్కువైతే పొట్టలో పుండ్లు, మూత్రపిండాలకు దెబ్బ.

నర్సమ్మాయి డాక్టరుగారిని అడిగి మళ్ళీ చేసింది. ఈ ఒక్కరోజుకి భయం లేదు, పాత పట్టీలన్నీ పక్కన పడెయ్యమంది. భుజం నొప్పి సంగతి చెబితే ఆ అమ్మాయి నవ్వింది. "ఆపరేషన్లప్పుడు కడుపు ఉబ్బనీకి గ్యాస్ నింపుతరమ్మా. అది పోయేదాక భుజంల గుంజుతది. లేచి మెల్లగ నడువుండ్రి, రెండు మూడు దినాల్ల పోతది" అంది. రాత్రంతా నేను గుండెజబ్బేమోనని వణికిన నొప్పికి అంత చిన్న సమాధానం వుంది. మూడు బదులు ఏడని రాసివుంటే ఆ సమాధానం నాకు రాత్రే దొరికేది.

చివర్న ఆ అమ్మాయి ఒక హెచ్చరిక కూడా చేసింది. చలిజ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా, కడుపు ఉబ్బి గట్టిపడినా, ఆయాసం వచ్చినా మెసేజ్ పెట్టి కూర్చోవద్దు, వెంటనే ఫోన్ చెయ్యాలి, లేదా వచ్చెయ్యాలి. 2020 మార్చిలో మన ప్రభుత్వం టెలిమెడిసిన్ నియమాలు వెలువరించినప్పుడు, రాతపూర్వకమైన మెసేజ్‌ల ద్వారా కూడా డాక్టరు సలహా చెప్పవచ్చని ఒప్పుకుంది. అత్యవసరమైతే మాత్రం రోగిని నేరుగా చూడాల్సిందేనంది. ఉత్తరం ఎంత తొందరగా చేరినా అది ఉత్తరమే, మనిషి కాదు.

అప్పుడు నాకు తోచిన మాట ఒకటే. నొప్పి దాచుకున్నవాళ్ళు మందు కూడా దాచుకుని వేసుకోవాల్సి వస్తుంది. మొదటి అబద్ధం మర్యాదకోసం ఆడతాం. రెండోది ఆ మొదటిదాన్ని కాపాడుకోవడానికి. ప్రమాదమంతా ఆ రెండోదాన్లో వుంది.

'మరి ఓర్పు మాటేమిటి? ఓర్చుకోవడం మంచిగుణం కాదా?' అని మీరు అడగొచ్చు. మంచిగుణమే. దాన్ని చూసే పెరిగాం. కానీ మందులేని బాధని భరించడం ఓర్పు. మందు చేతిలో పట్టుకుని ఎదురుగా కూర్చున్నవాళ్ళ దగ్గర దాచడం ఓర్పు ఎలా అవుతుంది? అది మొహమాటం. కొంచెం లోతుగా చూస్తే గర్వం కూడా.

ఇంకో చిక్కుంది. లోకంలో అన్నిటికీ ఇద్దరు సాక్షులు దొరుకుతారు గానీ నొప్పికి ఒక్కరే సాక్షి. జ్వరానికి థర్మామీటరుంది, రక్తపోటుకి పట్టీ వుంది. నొప్పికి కొలబద్ద ఆ అనుభవించేవాళ్ళ నోటిమాటే. ఆ ఒక్క సాక్షీ అబద్ధం చెబితే ఇక కేసే లేదు. అందుకేనేమో 2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘంవారు నొప్పి నిర్వచనాన్ని సవరిస్తూ, నొప్పిగా వుందని మనిషి చెప్పిన మాటని గౌరవించాలని ప్రత్యేకంగా రాసుకున్నారు. గౌరవించడానికి వాళ్ళు సిద్ధమే. చెప్పడానికి మనం సిద్ధంగా వుండాలి.

ఈ నొప్పి విషయంలో మన హైదరాబాదుకి పెద్ద చరిత్రే వుంది. 1888లో, మళ్ళీ 1889లో క్లోరోఫారం మీద ఇక్కడ రెండు కమిషన్లు కూర్చున్నాయి. ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు పూనుకుంటే, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చారు. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు ఓడెక్కి వచ్చాడు. క్లోరోఫారం ఇచ్చినప్పుడు కొందరు చనిపోతున్నారు కదా, ముందు ఆగేది వూపిరా, గుండెా అన్నది వాళ్ళ తగువు. 'వూపిరినే కనిపెట్టుకుని వుండండి, గుండె సంగతి తర్వాత' అన్నాడు లారీ. కమిషన్ కూడా అదే తేల్చింది. తర్వాత్తర్వాత తెలిసింది, క్లోరోఫారంతో ముందుగా గుండె ఆగిపోవడం కూడా నిజమేనని. లారీ దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ యువతి రోగులకు క్లోరోఫారం ఇవ్వడంలో పేరు తెచ్చుకుంది. మత్తుమందు ఇచ్చిన మొట్టమొదటి మహిళా డాక్టర్లలో ఆమెనొకరిగా చెప్పుకుంటారు.

ఆ రోజుల్లో వాళ్ళ కష్టం ఏమిటంటే, మత్తులో వున్నవాడు చెప్పలేడు. వాడి తరపున వాడి వూపిరిని, నాడిని అడగాలి. ఇవాళ మన కష్టం వేరు. మెలకువలో వుండి, నోరుండి, చేతిలో ఫోనుండి కూడా చెప్పం.

పోనీ, చెప్పడానికి మాటలు లేవా అంటే, మన తెలుగులో కొదవా! సలుపు, పోటు, తీపు, మంట, గుంజుడు, పీకుడు, చురుకు, కలుక్కుమనడం, తిమ్మిరి, నస. మాంట్రియల్‌లో రొనాల్డ్ మెల్జాక్ అనే ఆయన 1975లో నొప్పిని వర్ణించే ఇంగ్లీషు మాటలు 78 ఏరి, 20 గుంపులుగా కట్టి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. ఏ మాట వాడారన్నదాన్నిబట్టి అది ఏ జాతి నొప్పో పోల్చుకోవచ్చని. మా అత్తమ్మని ఒక గంట కూర్చోబెట్టి వుంటే తెలుగులో అంతకు తక్కువ కాకుండా చెప్పేది. చిక్కల్లా, ఆవిడ ఈ మాటలన్నీ పక్కింటివాళ్ళ నొప్పుల గురించి వాడుతుంది. తన దగ్గరికి వచ్చేసరికి 'ఏం లేదు బిడ్డా' అన్న ఒక్కటే మాట.

ఇంతకీ మిషన్ అడిగితే మేలా, మనిషి అడిగితే మేలా? మొదట నాకు మిషన్ అడగడం చిన్నతనంగా తోచింది. ప్రేమ లేని ప్రశ్న ఏం ప్రశ్న అనుకున్నాను. తర్వాత అనిపించింది, మనం అబద్ధమాడేది ప్రేమ వున్నవాళ్ళ దగ్గరే కదా అని. వాళ్ళ మొహం వాడిపోతుందని, వాళ్ళకి నిద్ర పట్టదని. ఆ ఫోనుకి వాడిపోయే మొహం లేదు. దాన్ని కాపాడాల్సిన పని నాకు లేదు. అయినా మొదటిరోజు దానికీ అబద్ధం రాశానంటే, నేను జవాబు రాసింది ఫోనుకి కాదు, పక్కన కూర్చున్న ఇద్దరికీ అన్నమాట. మర్నాటినుంచి వరండాలో ఒక్కదాన్నీ కూర్చుని రాశాను. నాకంటూ ఒక ఫోనుంది కనక ఆ వీలు దొరికింది. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోనున్నచోట, అదీ మగవాళ్ళ జేబులో వున్నచోట, ఆ అంకె ఎవరు రాస్తున్నట్టు?

అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంవారు ఇటువంటిదే ఒక ప్రయోగం చేసి 2020లో ప్రకటించారు. ఎముకలు విరిగి ఆపరేషన్ అయిన 82 మందిలో కొందరికి రెండు వారాలపాటు రోజుకి రెండుసార్లు ఒక మిషన్ మెసేజ్‌లు పంపింది. నొప్పిని ఎలా చూడాలో, ఏ పనిమీద మనసు పెట్టాలో నాలుగు మాటలు. అవి అందుకున్నవాళ్ళు సగటున 26 నల్లమందు జాతి మాత్రలు వాడితే, అందుకోనివాళ్ళు 41 వాడారు. అక్కడ వాళ్ళ భయం ఆ మాత్రలకి జనం బానిసలవుతారని. మన భయం వేరు. ఇక్కడ మందులషాపులో నిలబడి 'నొప్పికి ఏదైనా ఇవ్వు' అంటే ఏదో ఒకటి ఇస్తారు. ఏమిచ్చారో, దాన్లో ఏముందో ఎవరూ అడగరు. అడిగే గొంతు ఒకటుండటమే మనకి లాభం. అయితే ఆ గొంతు వెనకాల ఒక నర్సమ్మాయి మేలుకుని వుండాలి. లేకపోతే మన అంకెలు పాడుబడ్డ బావిలో రాళ్ళే.

ఈ సంబరంలో వుండగానే నా కళ్ళు తెరిపించే ఇంకో సంగతి జరిగింది.

మా మేడమీద రేకుల గదిలో ఒరిస్సా కుర్రవాడు అద్దెకుంటాడు. పాశమైలారంలో కాంట్రాక్టు పని. బస్తాలు ఎత్తి ఎత్తి గజ్జల్లో హెర్నియా వచ్చింది. నాకన్నా వారం ముందు అదే ఆసుపత్రిలో ఆపరేషనైంది. ఒక సాయంత్రం మెట్లు దిగుతుంటే చూశాను. గోడ పట్టుకుని, పళ్ళు బిగించి దిగుతున్నాడు. "నొప్పిగా వుందా?" అని నాకొచ్చిన దక్కనీ హిందీలో అడిగాను. "ఠీక్ హై దీదీ" అన్నాడు. ఫోను అడిగి చూశాను. పొద్దునా రాత్రీ ప్రశ్న, దాని కింద జవాబు. వరసగా సున్నా, సున్నా, సున్నా.

ఆ తెలుగు అక్షరాలు అతనికి చదవడం రాదు. అయినా సున్నా పెట్టింది తెలియక కాదు. తెలిసే పెట్టాడు. సున్నా పెడితే ఎవరూ ఫోన్ చెయ్యరు, మళ్ళీ రమ్మనరు, సెలవు పొడిగించరు. పది రోజుల్లో రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానన్నాడట మేస్త్రీ. నెలనెలా ఇంటికి డబ్బు పంపాలి. అదంతా చెప్పి, కొంచెంసేపు ఆగి ఇంకో మాటన్నాడు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ పేలిపోయి నలభైమందికి పైగా చనిపోయారు కదా. ఆ చప్పుడు విన్నాడట, పరుగెత్తాడట. చాలామంది తనలాగే పొట్ట చేతపట్టుకుని దూరంనుంచి వచ్చినవాళ్ళు. "వాళ్ళంతా పోయారు దీదీ. నాదేం నొప్పి?" అన్నాడు.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది మాత్రలకి ఆకారం, గట్టితనం ఇచ్చే సెల్యులోజ్ పొడి. మన పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలు కోకొల్లలు. లోకం నొప్పులకి మందు ఇక్కడ తయారవుతుంది. నేను దొంగతనంగా మింగిన ఆ మూడు మాత్రల్లో కూడా అటువంటి పొడి ఎంతో కొంత వుండే వుంటుంది. తయారుచేసే చేతులు మాత్రం సున్నా రాస్తున్నాయి.

నా మూడు, అతని సున్నా ఒకటి కాదని నాకప్పుడు తెలిసింది. నేను మర్యాదకోసం తగ్గించాను. అతను కూడుకోసం తగ్గించాడు. నాకు నిజం చెప్పమని నీతిబోధ చెయ్యొచ్చు. అతనికి చెయ్యాలంటే ముందు నిజం చెప్పినా కూడు పోదన్న భరోసా ఎవరో ఇవ్వాలి. ఈఎస్ఐ కార్డుండి, చందా సరిగ్గా కట్టివుంటే జబ్బు సెలవులో ఏడాదికి 91 రోజులదాకా జీతంలో 70 శాతం వస్తుంది. అతని దగ్గర కార్డుంది. ఈ సంగతి చెప్పినవాళ్ళే లేరు.

చెయ్యి పట్టుకు చూస్తే ఒళ్ళు కాలుతోంది. ఇక ఆలస్యం చెయ్యలేదు. రాయడం రాకపోతే మాట్లాడొచ్చుగా! ఫోనులో ఆ మైకు గుర్తు నొక్కి పట్టుకుని, "నీ భాషలోనే చెప్పు" అన్నాను. సిగ్గుపడుతూనే చెప్పాడు. మధ్యలో గొంతు పూడుకుంది. కాసేపటికి అవతలనుంచి హిందీలో ఫోనొచ్చింది. మావారు ఆటో పిలిచి తీసుకెళ్ళారు. కుట్ల దగ్గర చీము పట్టింది. శుభ్రంచేసి, యాంటీబయాటిక్ రాసి, ఇంకో రెండు వారాలు బరువెత్తకూడదని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం, కార్డు పట్టుకుని ఈఎస్ఐ ఆఫీసు చుట్టూ తిరిగే పని ఇప్పుడు మావారిది. మర్నాడు పొద్దున కుర్రవాడు మెట్లమీదనుంచే ఫోను ఎత్తి చూపించాడు. ఆరు అని వుంది. ఆరు చూసి సంతోషించడం నాకదే మొదటిసారి.

నా మెసేజ్‌లు రెండు వారాలకి ఆగిపోయాయి. చివరి అంకె ఒకటి. ఈసారి నిజంగానే ఒకటి.

ఆ రాత్రి ఎనిమిదింటికి ఫోను టింగుమనలేదు. ఏదో వెలితిగా వుంది. అత్తమ్మ గోడకానుకుని మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. ఇరవయ్యేళ్ళుగా అలాగే కూర్చుంటోంది. ఇన్నాళ్ళూ అది ఆవిడ కూర్చునే పద్ధతేమో అనుకున్నాను. పక్కన కూర్చుని అడిగాను. "అత్తమ్మా, మోకాళ్ళ నొప్పి పదికెంత?"

"పదికెంతేంది, పరీక్షనా? ఏం లేదు బిడ్డా."

"ఇంట్ల ఎవ్వరూ లేరు. నేను ఎవ్వరికీ చెప్ప. పదికెంత?"

ఆవిడ చాలాసేపు వూరుకుంది. వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుంది. తర్వాత గుమ్మంవైపు ఒకసారి చూసి, మెల్లగా అంది.

"ఎనిమిది."

సోమవారం ఎముకల డాక్టరు దగ్గరికి చీటీ రాయించాను. ఎవరికీ చెప్పనన్న మాట తప్పానని ఆవిడకి కోపమే. వుండనీయండి.